తరువాత ఏమైనది? : రేడియో ధారావాహికములు, మన ఒగ్గు కథలు



కథను కన్నులతో చూచుట యొక విధము, చెవులతో వినుట వేరొక విధము. చూచువానికి కథకుడు సమస్తమును సిద్ధపరచి ముందుంచును. వినువాడు మాత్రము కథకునితో సమానముగా శ్రమపడి, నాయకుని ముఖమును, నాయిక నడకను, కోటగోడల ఎత్తును, అడవిచీకటి చిక్కదనమును తన మనస్సులో తానే కల్పించుకొనవలెను. ఆ శ్రమలోని ఆనందమునే ఆధారముగా గొని, గడచిన శతాబ్దపు పూర్వార్ధమున అమెరికా దేశమునందు ఒక విశిష్టమైన కళ పుట్టి, పెరిగి, ముప్పది సంవత్సరముల కాలము కోట్లకొలది గృహములలోని సాయంకాలములను తన వశము చేసికొన్నది. అదియే సాహసగాథల, అపరాధ పరిశోధన గాథల రేడియో ధారావాహికము. ఎక్కడి అమెరికా, ఎక్కడి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మీకు తోచవచ్చును. కాని ఆ కళకు ప్రాణభూతమైన రహస్యమొకటి మన పల్లెలలో డోలుదెబ్బల నడుమ తరతరములుగా వినిపించుచునే యున్నది. ఆ రెంటికిని గల చుట్టరికమును మీ ముందుంచుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

1929లో అమెరికాను ఆర్థికమాంద్యము కబళించినది. పనులు పోయినవి, బ్యాంకులు మూతపడినవి, నాటకశాలకు పోవుట సామాన్యునకు బరువైనది. అట్టి దినములలో ఇంట నొక మూల నిలిచిన రేడియోపెట్టె ఆ కుటుంబమునకు గొప్ప ఆలంబనమైనది; ఏలయన, ఆ దేశమున రేడియో వినుటకు మన దేశమున ఒకప్పుడున్నట్లు లైసెన్సు రుసుము కట్టవలసిన పని లేదు, పెట్టె నొకసారి కొన్న పిమ్మట వినోదమంతయు ఉచితమే. ఆ ఖర్చును సబ్బులు, ఫలాహారపు గింజలు, పానీయపు పొడులు అమ్ము సంస్థలు భరించెడివి. పిల్లలు బడినుండి వచ్చి, రాత్రి భోజనమునకు కూర్చుండుటకు ముందున్న సంధ్యవేళను ఆ సంస్థలు ఎన్నుకొని, దినమునకు పదునైదు నిమిషముల చొప్పున, వారమునకు ఐదు దినములు, ఒకే కథను సాగదీసి చెప్పించెడివి. ‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ 1931లోను, ‘జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్’ 1933లోను ఇట్లు దేశమంతట వినవచ్చిన పిల్లల కథలు.

ఈ కథలు పిల్లలను ఎట్లు కట్టివేసెడివో తెలియుటకు ఒక చిన్న వస్తువును దగ్గరగా చూతము. ఆనీ కథను ప్రసారము చేయించిన ఓవల్టీన్ అను పానీయపు పొడి సంస్థవారు, తమ డబ్బాముద్రను కోసి పంపిన పిల్లలకు అరచేతిలో ఇమిడెడు లోహపు బిళ్ళ నొకదానిని బహుమానముగా పంపెడివారు. దాని అంచున అక్షరములు, వాని సరసన అంకెలు చెక్కబడి, నడిమి చక్రమును త్రిప్పినకొలది అవి స్థానములు మారుచుండెడివి. నాటి కథ ముగిసిన వెంటనే ప్రకటనకర్త కొన్ని అంకెలను చదువును. పిల్లవాడు పెన్సిలుతో వానిని వ్రాసికొని, బిళ్ళను త్రిప్పి, అంకె కొక అక్షరము చొప్పున కూర్చుకొనగా, మరునాటి కథను గూర్చిన సూచన ఒకటి బయటపడును. కథ వినుచున్న బాలుడు ఈ ఉపాయముచేత కథలో పాలివాడై, మరునాటి సంధ్య కొరకు కాచుకొని యుండెడివాడు. అమ్మకపు ఎత్తుగడయే యైనను ఇందు శ్రోతయొక్క మనస్సును లెస్సగా ఎరిగిన నేర్పు కలదు. ఆ ఓవల్టీన్ పేరే మన దేశపు పిల్లలకు రేడియో సిలోనులో ‘ఓవల్టీన్ ఫుల్వారీ’గా హిందీలో వినిపించినది.

పెద్దల కొరకు వచ్చిన కథలలో ‘ది షాడో’ ప్రసిద్ధమైనది. 1930లో ఆ పేరు గలవాడు కథలను పరిచయము చేయు ఒక వింత కంఠస్వరము మాత్రమే. 1937లో అతడే కథానాయకుడైనాడు. ఆ పాత్రను ధరించిన ఆర్సన్ వెల్స్ నాటికి ఇరువది రెండేండ్ల యువకుడు. ఎదుటివారి మనస్సులను మబ్బుపట్టించి తాను కంటికి కనబడకుండ సంచరింపగల శక్తి ఆ నాయకునకు గలదు. రేడియోలో ఎవ్వరును కంటికి కనబడరు గదా. కావున అదృశ్యనాయకుని కల్పించిన రచయితలు ఆ సాధనముయొక్క లోపమునే దానికి అలంకారముగా మార్చినారు. రంగస్థలముమీద అతిప్రయాసతో గాని సాధ్యము కాని ఇంద్రజాలము రేడియోయందు ఒక్క గొంతు మార్పుతో సిద్ధించినది.

ఇక ‘ది లోన్ రేంజర్’ అను అశ్వారూఢుని కథ 1933 జనవరిలో డెట్రాయిట్ నగరపు కేంద్రమునుండి మొదలైనది. ఫ్రాన్ స్ట్రైకర్ అను రచయిత దానిని సంవత్సరముల తరబడి నడపినాడు. గుఱ్ఱపు పరుగు కావలసినపుడు శబ్దకారుడు కంకర నింపిన పెట్టెలో బోలు గిన్నెలవంటి వస్తువులను లయతప్పక అద్దుచుండెడివాడు. మంట కావలసినపుడు సెల్లోఫేను కాగితమును పిడికిట నలిపెడివాడు. ఉరుము కావలసినపుడు పలుచని రేకును వ్రేలాడగట్టి ఊపెడివాడు. కాగితము నలిగిన చప్పుడు శ్రోత చెవిని చేరునప్పటికి అరణ్యదహనమై పోయెడిది. అంతటి మార్పు జరిగినది స్టూడియోలో కాదు, శ్రోత హృదయములో.

ఆ రేంజరు పేరునకు తగినట్లు ఒంటరివాడు. కథ మొదలైన కొలది వారములలోనే రచయితకు ఒక పెద్ద చిక్కు వచ్చిపడినది: ఒంటరిగా గుఱ్ఱముమీద పోవువాడు ఎవరితో మాటలాడును? చలనచిత్రములో నైనచో అతడు మౌనముగా నేలమీది డెక్కల జాడలను పరికించుట మనము చూడగలము. రేడియోలో మౌనమునకు అర్థము శూన్యమే. ఆ కారణముచేత టాంటో అను ఆదివాసి సహచరుడు కథలో ప్రవేశించినాడు. అతడు అడుగును, రేంజరు చెప్పును. అతడు ఆశ్చర్యపడును, రేంజరు వివరించును. ఆ ఇద్దరి సంభాషణలో శ్రోతకు దారి, దుమ్ము, శత్రువు, ప్రమాదము సర్వమును గోచరించును. షాడోకు మార్గో లేన్, షెర్లాక్ హోమ్స్‌కు వాట్సన్, మన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరునకు రాజు: వీరందరును ఈ సహచరగణములోని వారే. వీరు నాయకునకు తోడుగా వచ్చినవారని పైకి తోచును గాని, నిజమునకు వీరు శ్రోతకు ప్రతినిధులు. మనము అడుగదలచిన ప్రశ్నను మనకంటె ముందుగా అడుగుటయే వీరి ధర్మము.

శ్రోతలారా! ఈ సూత్రము డెట్రాయిట్ నగరమున క్రొత్తగా కనుగొనబడినది కావచ్చును. జనగామ సీమలో మాత్రము అది మిక్కిలి పాతది. ఒగ్గు కథ చెప్పు బృందమును మీరందరు చూచియే యుందురు. పసుపు కుంకుమలతో నేలపై పట్నము వేసి, ఎదుట ప్రధానకథకుడు గజ్జెకట్టి నిలువగా, డోలు, తాళము, నపీర పట్టినవారు వెనుక నిలుతురు. కథకుని ప్రక్కన మరియొకడు ఉండును. మల్లన్న కథ కానిండు, బీరప్ప కథ కానిండు, ఎల్లమ్మ కథ కానిండు, కథకుడు ఒక మాట అనగానే ఆ ప్రక్కవాడు ఊకొట్టును, సందేహపడును, మాటను తిరిగి పలుకును, “ఆ తర్వాత ఏమైంది?” అని తొందరపెట్టును. ఆ ప్రశ్న లేనిదే కథకు కాలు సాగదు. ఒక్క కథకుడే ఇప్పుడు మల్లన్నయై గంభీరముగా పలికి, మరుక్షణమున మేడలమ్మయై, పిమ్మట గొల్ల కేతమ్మయై గొంతు మార్చును. అమెరికా స్టూడియోలో ఒక్క నటుడు పూటకు నాలుగు పాత్రలను పలికినట్లే. ఘట్టము తీవ్రమైనపుడు డోలు ఉధృతమై, సరిగా ఆపదవేళకు చటుక్కున ఆగును. ఆ నిశ్శబ్దములో సభ అంతయు ఊపిరి బిగబట్టును. రాత్రుల తరబడి సాగెడు ఈ కథలలో నేటి రాత్రి ఎచ్చట ఆపిన రేపటి రాత్రి జనము తిరిగి వచ్చునో ఒగ్గు కథకునికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

ఈ విద్యకు మన కాలమున మకుటాయమానుడైనవాడు లింగాల ఘనపురము మండలములోని మాణిక్యపురమున పుట్టిన చుక్క సత్తయ్య. కులదైవముల కొలుపులయందు వినిపించిన కథను దేశమందలి పెద్ద వేదికల కెక్కించి, 2014 సంవత్సరమునకు సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొంది, 2017 నవంబరులో కన్నుమూసిన ఆ మహాకళాకారుని కథనమును వినినవారికి నేను చెప్పు సహచరరహస్యము వేరుగా బోధింప నక్కరలేదు. ప్రక్కవాని ప్రశ్నకు ఆయన ప్రత్యుత్తరము ఇచ్చునపుడు కన్నులు మాత్రము ప్రేక్షకులపై నుండెడివి. ప్రశ్న ఎవరిదో ఆయనకు తెలియును.

లిఖితసాహిత్యములో సైతము ఇదే మార్గము మనకు గలదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీ మజిలీ కథలు’ ఎరుగని తెలుగు పాఠకుడు ఒకప్పుడు అరుదు. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు పోవుచు, త్రోవలో కథలు చెప్పెదనని ఒప్పించి ఒక గొల్లపిల్లవానిని తోడు తీసికొనిపోవును. ప్రతి మజిలీయందును ఆ గోపకుమారుడు ఏదో వింతను చూచి వచ్చి దాని వృత్తాంత మడుగును. యతి కథ మొదలుపెట్టును. ప్రయాణవేళ కాగానే కథ ఆగును. మరుసటి మజిలీలో దాని తరువాయి సాగును. పదునైదు నిమిషముల ప్రసారమునకు బదులు ఒక దినపు నడక యున్నది. తక్కిన ఏర్పాటంతయు ఒక్కటే. అడుగువాడు లేనిచో ఆ యతికి కాశీ చేరువరకు మౌనమే గతి యగును.

చీకటికిని శ్రవణనాటకమునకును గల సంబంధము మరియొకటి చెప్పవలసియున్నది. దీనిని భూపాలపల్లి శ్రోతలు నాకంటె బాగుగా గ్రహింతురు. కేవలము రేడియో కొరకే వ్రాయబడిన తొలి నాటకములలో ప్రసిద్ధమైనది రిచర్డ్ హ్యూజ్ రచించిన ‘డేంజర్’. లండనునుండి బి.బి.సి. దానిని 1924 జనవరి 15వ తేదీన వినిపించినది. దాని రంగస్థలము ఏది? వేల్స్ దేశమునందలి ఒక బొగ్గుగని. గనిని చూడవచ్చిన ఒక యువకుడు, ఒక యువతి, ఒక వృద్ధుడు భూగర్భమున నుండగా దీపములు ఆరిపోవును; పేలుడు వినబడును; నీరు ఉబికివచ్చును. ఆ ముగ్గురును ఒకరినొకరు చూడలేరు, శ్రోతయు వారిని చూడలేడు. వారికిని శ్రోతకును స్వరమే ఆధారము. కంటికి పనిలేని నాటకమును వ్రాయవలసివచ్చినపుడు రచయిత ఊహ తిన్నగా బొగ్గుగనిలోనికి దిగుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము.

భూపాలపల్లిలోని సింగరేణివారి కాకతీయ గనులలో పనిచేసినవారికి చెవియొక్క విలువ తెలియును. గనిలో పని మొదలుపెట్టుటకు ముందు కార్మికుల భద్రతను చూచు సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూచును. రాయి గట్టిగా నిలిచియున్నచో ఖంగుమని పలుకును. పొర వదలి లోపల బోలుపడినచో డొల్లగా పలుకును. ఆ రెండు చప్పుళ్ళ నడుమ మనుష్యుల ప్రాణములు నిలిచియుండును. తలదీపపు వెలుగు చూపలేని ప్రమాదమును చెవి ముందుగా చెప్పును. ఇట్టి శ్రవణజ్ఞానము గల ప్రజలున్న పట్టణమున గనికార్మికుని జీవితముపై గొప్ప శ్రవ్యనాటకము వెలువడదగును. హ్యూజ్ ఊహించి వ్రాసినదానిని ఇచ్చటివారు అనుభవించి వ్రాయగలరు.

కేవలము ఉత్కంఠయే ఈ కథల సారమని తలపరాదు. 1943లో ‘సస్పెన్స్’ అను శీర్షికలో లూసిల్ ఫ్లెచర్ వ్రాసిన ‘సారీ, రాంగ్ నంబర్’ నాటకమున, మంచమునుండి లేవలేని ఒక స్త్రీ టెలిఫోను తీగలు కలిసిపోగా ఒక హత్యకు జరుగు పన్నాగమును వినును. ఆమె మొరను ఆలకించువారు ఎవ్వరును లేకపోవుటయే ఆ నాటకమునందలి భయము. ఆగ్నెస్ మూర్‌హెడ్ అను నటి దాదాపు ఒంటిగొంతుతో దానిని నడపినది. 1946 వేసవిలో సూపర్‌మాన్ ధారావాహికము మరియొక సాహసము చేసినది: ముసుగులు ధరించి నల్లవారిని, అన్యమతస్థులను హింసించు క్లాన్ ముఠాను పోలిన దుష్టసంఘమును ప్రతినాయకునిగా నిలిపి, జాతిద్వేషము నీచమైనదని పసిపిల్లలకు కథారూపమున బోధించినది. అదే సంవత్సరము జూలై 4వ తేదీన మన జనగామ తాలూకా కడవెండిలో దొరల దౌర్జన్యము నెదిరించిన ఊరేగింపులో దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో ఆ వీరగాథను చెప్పదు గదా. బుర్రకథలును పాటలును దానిని ఊరూరికి మోసికొనిపోయినవి. బుర్రకథలో సైతము ప్రధానకథకునకు ఇరుప్రక్కల ఇద్దరు వంతలుండి, ఒకడు హాస్యమును, ఒకడు రాజకీయమును అందుకొని, ప్రశ్నించుచు కథను ముందుకు నెట్టుదురు. ఉత్కంఠతో ఆకర్షించిన చెవిలో ధర్మమును పలుకుట ఈ కళకు పరమప్రయోజనము.

తెలుగు రేడియో నాటకమునకు సైతము ఘనమైన చరిత్ర గలదు. 1938 జూన్‌లో మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రమును ప్రారంభమైనవి. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1 నుండి ఆకాశవాణిలో చేరినది. రంగస్థలమున స్త్రీపాత్రలకు పెట్టినది పేరైన స్థానం నరసింహారావు హైదరాబాదు కేంద్రమున నాటకములను నడపినారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలచేత మాటలాడించినారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరున 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము చెరసాలలను చూచి వచ్చిన పిమ్మట ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేసి, పద్యముతోపాటు నాటికను సైతము చేపట్టినారు. ఆ దినములలో ట్రాన్సిస్టరు లేని ఇంటివారు ఉన్న ఇంటి అరుగుమీదికి చేరెడివారు. పంచాయతీ కార్యాలయపు లౌడ్‌స్పీకరు క్రింద ఊరు కూర్చుండెడిది. ఆదివారము మధ్యాహ్నపు నాటకమునకు వీధులు నిర్మానుష్యములై యుండెడివి.

అమెరికాలో టెలివిజను వ్యాపించినకొలది ఈ కళ క్షీణించి, 1962 సెప్టెంబరు 30వ తేదీన ‘సస్పెన్స్’, ‘జానీ డాలర్’ అను ధారావాహికముల చివరి ప్రసారములతో ఒక యుగము ముగిసినది. అయినను వానిలో వేలకొలది కథలు నేటికిని వినవచ్చుచున్నవి. కారణము సామాన్యమైనది. ఆ కాలమున ప్రసారములను పదునారు అంగుళముల వ్యాసము గల పెద్ద పళ్ళెములపై, ప్రక్కకు పదునైదు నిమిషముల చొప్పున ముద్రించి యుంచెడివారు. గోదాములలో మిగిలిపోయిన ఆ పళ్ళెములను ఔత్సాహికులు వెదకి, కడిగి, టేపులకెక్కించి, ఒకరికొకరు పంచుకొన్నారు. ముద్రింపబడనివి, పారవేయబడినవి శాశ్వతముగా పోయినవి. కార్ల్‌టన్ మోర్స్ వ్రాసిన ‘ఐ లవ్ ఎ మిస్టరీ’ వంటి ప్రశస్త ధారావాహికములో అధికభాగము ఇట్లే నశించినది. మన తొలినాళ్ళ నాటకములు స్టూడియోలో పలుకగానే గాలిలో కలిసినవి. టేపు వచ్చిన పిమ్మట సైతము ఒకే టేపును మరల మరల వాడు అలవాటుచే క్రొత్తది ముద్రితమైనపుడు పాతది చెరిగిపోయెడిది. ఒక తరపు స్వరసంపద అంతయు ఇట్లు విన్నవారి జ్ఞాపకములలో మాత్రమే మిగిలియున్నది.

పోయినదానికై దుఃఖించి ఊరకుండుట తగదు. మిగిలినది ఇంకను చాల గలదు. జనగామ, పాలకుర్తి, దేవరుప్పుల పల్లెలలో ఒగ్గు కథకులు నేటికిని ఉన్నారు; డోర్నకల్ జంక్షనులో దశాబ్దములు పనిచేసి, ఇల్లందు బొగ్గుబండ్ల నాటి ముచ్చట్లు చెప్పగల రైల్వే వృద్ధులున్నారు; భూపాలపల్లిలో తొలి గనులు త్రవ్విన నాటి కార్మికులున్నారు. అమెరికా ఔత్సాహికులకు పళ్ళెములును, బరువైన యంత్రములును కావలసివచ్చినవి; నేడు మీ జేబులోని ఫోను చాలును. ఒక వృద్ధుని ఎదుట దానిని నిలిపి, ఊరిపేరు, తేదీ, చెప్పువాని పేరు, ప్రక్కన డోలు కొట్టినవాని పేరు మొదట పలికి, కథను కొసవరకు కత్తిరింపక ముద్రించి, రెండు మూడు చోట్ల భద్రపరచుడు. తొందరపడి చక్కని ఘట్టములనే ఏరుకొనవలదు; నడుమ నడుమ వచ్చు ఊకొట్టుటలు, దగ్గులు, తగవులు, నవ్వులు సైతము కథలోని భాగములే.

యువరచయితలకు నా విన్నపము వేరొకటి గలదు. పదమూడు వారముల ధారావాహికము నొకదానిని పూనికతో వ్రాయుడు. రాత్రివేళ జంక్షనులో దిగి కనబడకపోయిన ప్రయాణికుడు, కాకతీయుల చెరువుకట్ట క్రింద బయల్పడిన రాతిపెట్టె, గనిలో రెండవ షిఫ్టున వినవచ్చిన వింత చప్పుడు: ఏది యైనను వస్తువు కాగలదు. మీ పాత్రలు ఈ ప్రాంతపు మాట మాటలాడవలెను. “ఏం పటేలా, గింత రాత్రి యాడికి?” అను ఒక్క ప్రశ్నతో ఊరు, వేళ, వారి వరుస, అనుమానము, నాలుగును శ్రోతకు తెలిసిపోవును, వర్ణన అక్కరలేదు. మీ నాయకునకు ఒక సహచరుని తప్పక ఇండు. ఆ సహచరుడు తెలివితక్కువవాడు కానక్కరలేదు, వెనుకటి కథలలోవలె నాయకునకు లోబడి యుండనక్కరలేదు. అడుగుటకు జంకనివాడైన చాలును.

కడపట శ్రోతలందరికిని ఒక్క మాట. కథ చెప్పువారు తగ్గిపోయినారని మనము తరచుగా వాపోవుచుందుము. నా విచారము అది కాదు, అడుగువారు తగ్గిపోయినారు. ఊకొట్టువాడు లేని ఒగ్గు కథకుడు డోలును దింపును. టాంటో లేని రేంజరు మూగవాడగును. గొల్లపిల్లవాడు లేని మణిసిద్ధునకు కథ తోచదు. మీ ఇంటిలోనే డెబ్బది ఏండ్ల కథ నొకదానిని కడుపులో దాచుకొని, ఎవరును అడుగనందున ఊరకున్న అవ్వయో తాతయో ఉండవచ్చును. ఈ పూటనే పోయి వారి ప్రక్కన కూర్చుండి అడుగుడు. వారు ఆగినచోట, తరువాత ఏమైనదని మరల అడుగుడు.